లోపం చెప్పినవాడి మీదే నిఘా

సింధనూరు, మాన్వి క్యాంపుల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఉన్నాడు. ల్యాప్‌టాప్ విప్పి చూడడం, ఏ వెబ్‌సైట్‌కు తాళం సరిగా లేదో కనిపెట్టడం వాడికి సరదా. మనకు ముచ్చటగానే ఉంటుంది. ప్రభుత్వానికి అలా ఉండకపోవచ్చని హైదరాబాద్ ఇంజనీరు వేమూరు హరిప్రసాద్ కేసు చెబుతుంది.

2010 ఏప్రిల్‌లో ఆయన, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నిపుణుడు రాప్ గాంగ్రైప్ కలిసి ఓటింగ్ యంత్రంలోని లోపాలు బయటపెట్టారు. లోపలి డిస్‌ప్లే బోర్డు మార్చేస్తే మొబైల్ ఫోన్‌తో ఫలితం తారుమారు చేయవచ్చని అసలు యంత్రం మీదే చూపించారు. (ఆ యంత్రాలు తయారయ్యేది బెంగళూరు బీఈఎల్, హైదరాబాద్ ఈసీఐఎల్‌లలో. రెండూ మనకు అటూ ఇటూ ఉన్న ఊళ్లే.) భద్రతా ఏర్పాట్లు ఉండగా అది జరగదని ఎన్నికల సంఘం అంది. ఆ వాదన అలా ఉంచండి. ఆగస్టు 21న ముంబై పోలీసులు వచ్చి హరిప్రసాద్‌ను పట్టుకుపోయారు. కేసు యంత్రం దొంగతనం. అడిగింది మాత్రం, అది ఇచ్చిందెవరని. వారానికి బెయిల్ వచ్చింది. ఆ ఏడాదే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పురస్కారమిచ్చింది. 2013లో సుప్రీంకోర్టు వీవీప్యాట్ పెట్టమంది. అయినా 2019లో చంద్రబాబు బృందంతో ఢిల్లీ వెళితే, పాత కేసు ఉందని ఎన్నికల సంఘం ఆయనతో మాట్లాడనంది!

2017లోనూ ఇదే తీరు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయటికి కనిపిస్తున్నాయని బెంగళూరుకు చెందిన ఒక పరిశోధన సంస్థ నివేదిక ఇచ్చింది. రాసినవారిలో హైదరాబాద్ వాసి శ్రీనివాస్ కొడాలి ఒకరు. హ్యాకింగ్ లేకుండా ఇది ఎలా సాధ్యమని ఆధార్ సంస్థ ఆ నివేదిక ఇచ్చినవారికే లేఖ రాసింది.

ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద అనుమతి లేకుండా కంప్యూటర్‌లో చొరబడితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. మోసబుద్ధి ఉంటేనే నేరం అని అందులోనే ఉంది. కానీ బుద్ధి ఏమిటో తేలేది కోర్టులో. ల్యాప్‌టాప్ పోయేది మొదటి రోజునే. ఇక 2018 డిసెంబర్ 20 ఉత్తర్వుతో ఎవరి కంప్యూటర్‌నైనా గమనించే అధికారం 10 కేంద్ర సంస్థలకు ఉంది.

కుర్రవాళ్లను భయపెట్టి మాన్పించమని నేననను. లోపం కనిపిస్తే దాన్ని ఇంకా తవ్వకుండా, స్నేహితుల గ్రూపులో పెట్టకుండా, కేంద్రం నడిపే సెర్ట్-ఇన్‌కు ఈమెయిల్‌లో రాసి, ప్రతి దాచుకోమనండి. పోలీసులు ఇంటికొస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. పెద్దవాళ్లు ఆ మాట మర్యాదగానే అడగవచ్చు, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాతో సహా.