మా తర్వాత వాడి గతేమిటి?



ముప్పయ్యేళ్ళ కొడుకో కూతురో తీవ్రమైన మనోవ్యాధితో ఇంట్లో కూర్చుని ఉంటే, తల్లిదండ్రులను నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. ఇంతకాలం దీన్ని మనం ఆ ఇంటివాళ్ళ గొడవగానే చూశాం. బోనస్ కోసం గేటు మీటింగులు పెట్టాం గాని దీని గురించి నోరు విప్పలేదు.

చెన్నైలో ఎవరినైనా వెక్కిరించాలంటే 'కీల్పాక్ కేసు' అంటారు. హైదరాబాదులోని మన బంధువులు 'ఎర్రగడ్డ' అంటారు. ఊరు మారినా ఎగతాళి ఒకటే. దానికి జడిసే మనవాళ్ళను మనం లోపల దాచుకుంటున్నాం. అది ముదిరితే ఎక్కడికి పోతుందో 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో చూశాం. పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. అలాంటి చోట్లకు రోగులను తెచ్చి దింపేది పగవాళ్ళు కాదు, దిక్కుతోచని సొంతవాళ్ళే.

దాచిపెట్టడం ఒక తప్పయితే, అతిగా జాలిపడడం ఇంకొకటి. అన్నం కలిపి పెట్టడం, చేతికి పైసా ఇవ్వకపోవడం, వీధి మలుపు దాకా కూడా ఒంటరిగా పంపకపోవడం. మనం స్పిన్నింగ్‌లో చేరిన కొత్త కుర్రాడికి మొదటిరోజే రింగ్ ఫ్రేమ్ అప్పజెప్పామా? పక్కన నిలబెట్టుకుని, తెగిన పోగు అతకడం చూపించాం. తప్పితే మళ్ళీ చూపించాం. ప్రతి పోగూ మనమే అతికి పెడుతూ ఉంటే పదేళ్ళయినా వాడికి పని వచ్చేదా?

ఇక్కడా అంతే. ముందు వేళకు లేవడం, స్నానం, తన బట్టలు తను ఉతుక్కోవడం. తర్వాత తన మాత్ర తనే గుర్తుపెట్టుకుని వేసుకోవడం. ఆపైన అన్నం వండడం, కొట్టుకెళ్ళి సరుకు తెచ్చి చిల్లర లెక్క చెప్పడం, బస్సెక్కి పెరంబూరు దాకా వెళ్ళి రావడం. ఒకరికి వారం పడుతుంది, ఇంకొకరికి ఏడాది. జబ్బు తిరగబెడితే మళ్ళీ మొదటికొస్తుంది. అప్పుడు తిట్టకూడదు. మందు మానేసి పని నేర్పమని మేము అనడం లేదు. మందు జబ్బును అణుస్తుంది గాని వంట నేర్పదు.

ఇది కలకాదు. డాక్టర్ శారదా మేనన్ 1984లో మన చెన్నైలోనే స్కార్ఫ్ సంస్థను నెలకొల్పి, స్కిజోఫ్రీనియా రోగులకు వైద్యంతో పాటు పని నేర్పించే దారి వేశారు. 1993లో మొదలైన బానియన్ సంస్థవారు, ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవారిని నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో అద్దె ఇళ్ళలో ఉంచుతున్నారు. తోడుకు ఒక మనిషి ఉంటారు. వంటా, బజారూ వాళ్ళవే. ఇంటివాళ్ళు రానివ్వలేదన్న ఒక్క కారణంతో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచెయ్యకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం 19వ సెక్షను చెబుతోంది. ఇటువంటి ఇళ్ళు ఏర్పాటు చెయ్యవలసింది ప్రభుత్వమే. అయితే కవర్లు అంటించి నాలుగు రూపాయలు చేతిలో పెడితే అదే శిక్షణ అంటే యూనియన్ ఒప్పుకోదు. పనికి కూలి ఉండాలి.

మన కార్మికుడికే ఈ జబ్బు వస్తే? చాలామంది జ్వరమని రాయించుకుని సెలవు పెడతారు. అది నష్టం. ఈ.ఎస్.ఐ.లో మామూలు సిక్ బెనిఫిట్ 91 రోజులతో సరి. స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకైతే, రెండేళ్ళ సర్వీసూ తగిన చందాలూ ఉన్నవారికి, జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా పొడిగించే వీలుంది. మనోవ్యాధి వల్ల పూర్తిగా మన సంపాదన మీదే ఆధారపడిన బిడ్డకు, వయసెంతయినా వైద్యం అందుతుంది.

కోలుకుని తిరిగొచ్చినవాణ్ణి 'రాజీనామా ఇచ్చి పో' అనే యాజమాన్యాలకు మన జవాబు ఒకటే. కొన్నాళ్ళు నైట్ షిఫ్టు వెయ్యకండి, నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది. పక్కన ఒక పాత మనిషిని నిలబెట్టండి, పని మేము నేర్పుకుంటాం.

వచ్చే జనరల్ బాడీలో ఈ డిమాండ్లు పెడుతున్నాం. ఇటువంటి కష్టం ఉన్న ఇళ్ళవాళ్ళు ముందుగా యూనియన్ ఆఫీసుకు వచ్చి మాట్లాడండి. పేరు రాసుకోం.