అయిదేళ్ల పదవికి నాలుగున్నరేళ్ల విచారణ

ఎన్నికలొస్తే చాలు, తనిఖీల్లో ఎన్ని కోట్లు దొరికాయన్న లెక్కలతో పేజీలు నిండిపోతాయి. పోలింగ్ అయ్యాక ఆ కేసుల ఊసే ఉండదు. ఓటుకు నోటిస్తే గరిష్ఠ శిక్ష ఏడాది జైలు. 1920లో శిక్షాస్మృతిలో చేరిన ఆ ఏడాదిని 2024లో వచ్చిన న్యాయ సంహిత కూడా కదపలేదు. శిక్ష పెంచాలని రాసేవారు అసలు సంగతి వదిలేస్తున్నారు. అభ్యర్థికి జైలు భయం లేదు, ఉంటే సీటు భయమే.

సీటు సంగతి తేల్చేది హైకోర్టులో వేసే ఎన్నికల పిటిషన్. ఒకప్పుడు ట్రిబ్యునళ్లు విచారించేవి. జాప్యం తగ్గుతుందనే 1966లో ఆ పని హైకోర్టులకు అప్పగించారు. జరిగిందేమిటి? కొత్తగూడెంలో 2018 డిసెంబరులో గెలిచిన వనమా వెంకటేశ్వరరావు అఫిడవిట్‌లో ఆస్తులు దాచారంటూ ఆయన ఎన్నికను తెలంగాణ హైకోర్టు రద్దు చేసింది 2023 జులై 25న. మళ్లీ ఎన్నికలకు నాలుగు నెలలే ఉంది. గెలిచినట్టు కోర్టు ప్రకటించిన జలగం వెంకట్రావు తీర్పు ప్రతి పట్టుకుని అసెంబ్లీ కార్యదర్శిని కలిశారు. ఆగస్టులో గద్వాల ఎన్నికపైనా అలాంటి తీర్పే వచ్చింది. రెండింటిపైనా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. శాసనసభ గడువు కాస్తా తీరిపోయింది.

ప్రజాప్రాతినిధ్య చట్టంలో రెండు గడువులున్నాయి. ఓడినవారు 45 రోజుల్లో పిటిషన్ వేయాలి. ఒక్కరోజు దాటినా కొట్టేస్తారు, ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు లేదు. విచారణను ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని 86వ సెక్షన్ చెబుతోంది. వీలైనంతవరకు రోజువారీ విచారణ జరపాలన్నదీ అందులోదే. మొదటి గడువు ఇనుప గోడ, రెండోది ఆకాంక్ష అన్నట్టు నడుస్తోంది. పార్లమెంటు ఉద్దేశం ఇది కాదని నా వాదన. ఆరు నెలలు ఎవరికీ పట్టనప్పుడు 45 రోజుల కాఠిన్యానికి అర్థమేముంది?

కోర్టులపై భారం నిజమే. సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌ను తొందరపెట్టలేమన్నదీ కాదనలేం. కానీ ఈ పిటిషన్లు ఏ న్యాయమూర్తి వినాలో నిర్ణయించేది ప్రధాన న్యాయమూర్తే. ఫలితాలు రాగానే ఒకరిద్దరిని దీనికే కేటాయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆరు నెలలు దాటితే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. సుప్రీంకోర్టు కూడా స్టేతో సరిపెట్టకూడదు. అప్పీలును త్వరగా తేల్చాల్సిన బాధ్యత ఆ కోర్టుదే.