సముద్రతీరమున ఢిల్లీ ముచ్చటలు

ఆదివారము సాయంకాలము మెరీనా తీరమునకు పోవుట మన చెన్నపురి తెలుగు కుటుంబములకు తరతరములుగ వచ్చుచున్న అలవాటు. గవర్నరు గ్రాంట్ డఫ్ 1884లో ఆ విహారపథమును వేయించి మెరీనా అని పేరుపెట్టిన నాటినుండియు మన తాతముత్తాతలు అచ్చట గాలి పీల్చుకొన్నవారే. మొన్నటి ఆదివారము మేమును నాలుగు కుటుంబములవారము కలసి పోతిమి. ఎండ తగ్గినది. ఆడువారు పులిహోర, పెరుగన్నము పొట్లములు విప్పిరి. గుఱ్ఱమెక్కెదమని కొందఱు పిల్లలు, అలలలో దిగెదమని కొందఱు మారాము చేసిరి. మామిడికాయ ముక్కలు కలిపిన బఠాణీ సుండలు అమ్మువాడు రానే వచ్చెను. ఆ సుండలు తినని ఆదివారము మాకు ఆదివారము కాదు.

పెద్దలము మాత్రము చాప పరచుకొని కూర్చుండగనే ఢిల్లీని పట్టుకొంటిమి. ఇదియు క్రొత్త కాదు. ఆ ఇసుకమీద రాజకీయము మాటాడుట నేరమైనచో ఈ నగరమున నేరస్థుడు కానివాడు లేడు. స్వరాజ్యోద్యమ కాలమున తిలక్ ఘట్టమున సభలు జరిగినది అచ్చటనే. 2017 జనవరిలో జల్లికట్టు కొరకు యువజనులు రాత్రింబవళ్లు కూర్చున్నదియు ఆ తీరముననే.

ఆనాటి సణుగుడు లోకసభ స్థానములను గూర్చి. డెబ్బది దాటిన మా మామయ్యగారు ఎత్తుకొనిరి: “జనాభాను అదుపు చేయుడనిరి, చేసితిమి. ఇప్పుడు తలలు తక్కువైనవని స్థానములు తగ్గించెదరా?” 1962 ఎన్నికలలో ఈ రాష్ట్రమునకు 41 లోకసభ స్థానములుండెననియు, 1967 నాటికి అవి 39 అయినవనియు ఆయన వ్రేళ్లు మడిచి చెప్పిరి. 1976లో 42వ సవరణచే రాష్ట్రముల స్థానసంఖ్యను 1971 జనగణన లెక్కపై నిలిపివేసిరి. 2001లో 84వ సవరణచే ఆ నిలుపుదలను 2026 తరువాతి మొదటి జనగణన వరకు పొడిగించిరి. 2025 మార్చి 22న ఈ విషయమై చెన్నపురిలో జరిగిన సమావేశమునకు తెలంగాణ ముఖ్యమంత్రి వచ్చిరి, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి రాలేదు. ఈ రాకపోకలపై మాలో ఇద్దఱు బావగార్లు ఇంచుమించు తగవునకు దిగిరి. సుండలు చల్లారినవి. పిమ్మట రాబోవు జనగణనలో కులము కూడ అడుగుదురను మాట వచ్చినది. దానిపై మఱియొక అరగంట.

అంతలో ఆరవ తరగతి చదువు మా తమ్ముని కూతురు తడిసిన పరికిణీతో వచ్చి, “తాతయ్యా, ఆ లెక్కలో మనల్ని ఏమని రాసుకుంటారు?” అని అడిగినది. “తెలుగువాళ్లమని రాసుకుంటారమ్మా” అని మామయ్యగారు ధీమాగ బదులు చెప్పిరి. నేను తల వంచుకొంటిని.

ఏలయన, 2011లో మా ఇంట ఏమి జరిగినదో నాకు తెలియును. పగటిపూట నేను అంగడిలో నుంటిని. లెక్కకు వచ్చిన ఉపాధ్యాయిని తమిళమున అడిగినది, మా తమ్ముడు తమిళమున జవాబు చెప్పినాడు. మాతృభాష యేదని ఆమె వేరుగ అడుగలేదు, వీడును చెప్పలేదు. ఇంటనున్న ఆరుగురము ఒక్క కలపుపోటుతో తమిళులమైతిమి. సాయంకాలము సంగతి విని నేను నవ్వి ఊరకుంటిని. సరకులో ఒక్క మూట లెక్క తప్పినచో రాత్రి పదిగంటల వరకు చిట్టాలు తిరగవేయువాడను, ఆనాడు కదలనైనను కదలలేదు. తప్పు ఆమెది కాదు, మాది. సంఘమున పదవిలో నున్నవాని ఇంటనే ఇట్లు జరిగినచో తక్కిన ఇండ్ల మాట ఏమి?

2011 లెక్కలో తమిళనాట తెలుగు మాతృభాషగ నమోదైనవారు సుమారు 42 లక్షలు, అనగా నూటికి ఆరుగురికంటె తక్కువ. మన సభలలో కోటి యని, రెండు కోట్లని ఉపన్యసింతుము. ఆ మాటకు చప్పట్లు వచ్చును గాని ఉపాధ్యాయుడు రాడు. బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని రాజ్యాంగము 350ఎ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో చేర్చబడినది. అంతకు ముందే 1949లో విద్యామంత్రుల సమావేశము ఒక కొలత పెట్టినది: పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక భాష పిల్లలున్నచో ఆ భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయునైనను నియమింపవలెను. 2006 నాటి చట్టముచే తమిళము పదవ తరగతి వరకు తప్పనిసరి యగుటతో అల్పసంఖ్యాక భాషల పాఠశాలలు న్యాయస్థానముల మెట్లెక్కవలసి వచ్చినది. ఎచ్చటికి మహజరు తీసికొని పోయినను ఎదురగు ప్రశ్న ఒక్కటే: మీవారెందఱు? దానికి బదులు ఆ గణన పుస్తకమందున్నది, మన ఉపన్యాసములలో లేదు.

ఈ మాట అచ్చటనే చెప్పితిని. ఒక బావగారు ఒప్పుకొనలేదు. “నాలుగు తరములుగ ఇచ్చట అన్నము తినుచు తెలుగని వ్రాయించుకొన్నచో పరాయివారమని చూడరా?” అనిరి. ఆ భయమును నేను త్రోసిపుచ్చను. మన వ్యాపారము తమిళమున, మన స్నేహములు తమిళమున. కాని 2011 పత్రమున పదవ ప్రశ్న మాతృభాష, పదునొకండవది తెలిసిన ఇతర భాషలు. ఆ రెండవ గడిలో తమిళమును మొట్టమొదట వ్రాయించుడు, అదియు సత్యమే. గణకులకిచ్చిన సూచనలలో మాతృభాషకు అర్థము స్పష్టముగనే యున్నది: బాల్యమున తల్లి మనతో మాటాడిన భాష. తల్లి శైశవముననే గతించినచో ఆనాడు ఇంట ప్రధానముగ మాటాడిన భాష. ఒకే ఇంటివారికి వేర్వేరు మాతృభాషలుండవచ్చునని కూడ అందున్నది. మా మఱదలు తమిళుల ఇంటి ఆడపడుచు. ఆమె తమిళమనియే చెప్పవలెను. ఆమె తన కూతురిని తెలుగున లాలించినది గనుక ఆ పిల్లది తెలుగు. ఇందు అబద్ధమాడి సంఖ్య పెంచుకొనవలసిన పని ఏమియు లేదు.

2025 జూన్ 16న వెలువడిన ప్రకటన ప్రకారము ఈ జనగణనకు 2027 మార్చి 1 ప్రమాణదినము. వివరములను స్వయముగ నింపుకొను వీలుకూడ కల్పింతుమని చెప్పిరి. పరికరములు వాడలేని వృద్ధులకు మన యువకులు ప్రక్కన కూర్చుండి సాయపడవలెను. గణకులు ఇంటికి వచ్చినచో, పగటిపూట తలుపు తీయువారు ఎవరో వారికే ముందుగ చెప్పియుంచుడు. మగవారు అంగళ్లలోను కచేరీలలోను ఉందురు గదా. జవాబులు చెప్పిన పిమ్మట, మాతృభాష యని ఏమి వ్రాసితిరో చదివి వినిపింపుడని మర్యాదగ అడుగుడు. అడిగినచో కోపగించువారు అరుదు.

చీకటి పడగ చాప దులిపి లేచితిమి. బస్సు నిలుచు చోటికి నడచునపుడు బావగార్లు మరల లోకసభ స్థానములకే పోయిరి. నేను మా తమ్మునితో మాత్రము పదవ ప్రశ్నను గూర్చి మాటాడుచు వచ్చితిని.