మూసిన గదిలో కుంపటి

చలికాలము వచ్చినదనగానే మన పట్టణవాసులు కొండప్రదేశములకు బయలుదేరుట యీ మధ్య సాధారణమైనది. కలిగినవారు కాశ్మీరమునకును, మనాలికిని పోవుచున్నారు. అంత వ్యయమునకు ఓర్వలేనివారు అరకులోయకును, లంబసింగికిని పోయి గుడారములలో రాత్రులు గడుపుచున్నారు. ఇందు ఆక్షేపింపదగినది లేదు, దేశము చూడవలసినదే. కాని చలికి జంకి, తలుపులు బిగించుకొని, గ్యాసు హీటరునో బొగ్గుల కుంపటినో ప్రక్కన బెట్టుకొని నిద్రించు అలవాటును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదని తోచినది.

గత శీతకాలమున మేము సకుటుంబముగా హిమాలయప్రాంతమునందలి యొక పట్టణమున బస చేసితిమి. రాత్రి ఎనిమిది గంటలకు బసలోని పనివాడొకడు చక్రములుగల యినుప పెట్టెను గదిలోనికి దొర్లించుకొని వచ్చెను. వెనుక సిలిండరు, ముందు ఎఱ్ఱగా కాలు పలకలు. దానిని ముట్టించి, వాసన యేమియు లేదు చూడుడనియు, కిటికీ సందులకు గుడ్డలు కుక్కుకొని సుఖముగా నిద్రింపుడనియు చెప్పెను. అతని మాటలో దురుద్దేశము లేదు. అతిథులయెడ ఆదరమే కలదు. వాసన లేదు గనుక అపాయము లేదని అతడు నిజముగా నమ్మియుండెను. ఆ నమ్మకమే ప్రాణాంతకము. మేము దానిని ఆర్పించి, బయటికి పంపివేసి, మరి రెండు రజాయిలు తెప్పించుకొని పడుకొంటిమి.

ఇట్టి పరికరములవలన రెండు విధములైన అపాయములు గలవు. మండకుండ వెలికి వచ్చు గ్యాసు మొదటిది. మండుచున్నపుడు పుట్టు విషవాయువు రెండవది. ఈ రెంటిని వేరువేరుగా నెరుగనిదే జాగ్రత్త వహించుట పొసగదు.

సిలిండరులోని గ్యాసు ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. ఒత్తిడిచే ద్రవముగా నిలిచియుండును. ఒక లీటరు ద్రవము వెలికి వచ్చెనేని సుమారు 250 లీటర్ల వాయువగును. అది గాలికంటె బరువైనది. పైకి లేచిపోక నేల నంటిపెట్టుకొని మంచముల క్రిందను, గుంటలలోను, తూములలోను నిలిచిపోవును. గాలిలో నూటికి రెండుపాళ్లు కలసిన చాలును, చిన్న నిప్పురవ్వకు అంటుకొనును. దీనికి సహజమైన వాసన లేదు. మనము పసిగట్టు దుర్గంధము, హెచ్చరికకై ప్రత్యేకముగా కలిపిన మెర్కాప్టాను అను పదార్థముది.

ఆ వాసన వెనుక నొక విషాదచరిత్ర కలదు. 1937 మార్చి 18వ తేదీన అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున న్యూలండను అను ఊరి పాఠశాల ప్రేలిపోయెను. అచట గదులను వెచ్చజేయుటకు గ్యాసు హీటర్లు అమర్చియుండిరి. ఖర్చు తగ్గించుకొనుటకై పాఠశాలవారు చమురుబావుల దగ్గర వృథాగా పోవు సహజవాయువును తమ గొట్టములకు త్రిప్పుకొనిరి. వాసనలేని ఆ వాయువు ఎవరికిని తెలియకుండ కారి, భవనము క్రింది ఖాళీలో నిండెను. ఒక విద్యుత్పరికరమునుండి లేచిన రవ్వ చాలినది. సుమారు 300 మంది మరణించిరి. వారిలో అత్యధికులు విద్యార్థులు. అటుపిమ్మట గ్యాసునకు వాసన కలుపవలయునని ఆ రాష్ట్రమున శాసనమైనది. నేడు మన యింటి ఇల్లాలు గ్యాసు కారుచున్నదని ముక్కుతో కనిపెట్టగలుగుచున్నదన్న, అది ఇట్టి కఠోరానుభవముల ఫలమే.

కాని రెండవ యపాయమునకు ఆ హెచ్చరిక లేదు. గ్యాసు గాని, కిరసనాయిలు గాని, బొగ్గులు గాని చాలినంత గాలి లేక మండినపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసులో కలిపిన దుర్గంధము మంటలో కాలిపోవును గాన అదియు తోడ్పడదు. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుదానికంటె ఇన్నూరు రెట్లకు పైగా బలముగా ఈ విషమును పట్టుకొనును. మొదట తలనొప్పి, తల త్రిప్పుట, వికారము; పిదప మగత. ప్రయాణపు బడలిక అనుకొని కన్ను మూసినవాడు మరల తెరువడు.

2020 జనవరిలో నేపాలునందలి దామన్ అను కొండయూరిలో జరిగిన ఘోరము పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. కేరళమునుండి పోయిన యాత్రికులలో ఎనిమిది మంది ఒకే గదిలో, తలుపులు కిటికీలు మూసికొని, గ్యాసు హీటరు వేసికొని పడుకొనిరి. తెల్లవారి తలుపు తీయువారు లేకపోయిరి. ఎనిమిది మందియు మరణించిరి. అందు నలుగురు పిల్లలు.

ఇది పరదేశపు సంగతి యని త్రోసివేయరాదు. పురిటిగదిలో కుంపటి పెట్టి, చలిగాలి తగులరాదని కిటికీలు మూయు ఆచారము మన యిండ్లలో కలదు. పూర్వపు పెంకుటిండ్లకు కప్పులో సందులుండెడివి. పిలువకున్నను గాలి వచ్చెడిది. నేటి సిమెంటు గదికి, అద్దపు కిటికీకి, నైలాను గుడారమునకు ఆ సందు లేదు. ఆచారము పాతది, గది క్రొత్తది. బాలింతకును పసికందునకును మేలని చేసినదే కీడు కాగలదు.

కావున చేయవలసిన దేమి? గ్యాసు వాసన తగిలినచో అగ్గిపుల్ల గీయరాదు. దీపపు స్విచ్చి వేయరాదు, తీయనురాదు. మంటలార్పి, రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెరచి, అందరును బయటికి రావలయును. బయటికి వచ్చిన పిదప 1906 అను సంఖ్యకు ఫోను చేయవలయును. కారుచోటును సబ్బునీటితో వెదకవలయునేగాని మంటతో వెదకరాదు. సిలిండరును నిలువుగానే యుంచవలయును. పగిలిన రబ్బరు గొట్టమును వెంటనే మార్చవలయును.

గదిలో హీటరు పెట్టుకొనక తప్పదేని, మెలకువగా నున్నంతవరకే, కిటికీ కొంత తెరచి వాడవలయును. పడుకొనుటకు ముందు ఆర్పవలయును. గుడారములో నిప్పన్న మాటయే వలదు. ఒకే గదిలోనివారికి ఒకేసారి తలనొప్పి పుట్టెనేని అది జలుబు కాదు, విషము. వెంటనే ఆరుబయటికి తీసికొనిపోయి వైద్యుని పిలువవలయును.

కొండలలో విద్యుత్తు నిలకడగా నుండదు, చిన్న బసలవారు మరేమి చేయగలరని కొందరనవచ్చును. వారి యిబ్బంది నిజమే. కాని రజాయి యొకటి ఎక్కువ ఇచ్చుటకు విద్యుత్తు అక్కరలేదు. పడుకొనుటకు ముందే గదిని వెచ్చజేసి, హీటరును తామే బయటికి తీసికొని పోవచ్చును. విషవాయువును కనిపెట్టి మ్రోగు చిన్న యంత్రములు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. గది యద్దెలో వాని వెల యెంత?

న్యాయవాదిగా నొక మాట. నిప్పు విషయమున అజాగ్రత్తను 1860 నాటి శిక్షాస్మృతి 285వ సెక్షను నేరముగా నెంచినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 287వ సెక్షను ఆ మాటనే చెప్పుచున్నది. కాని సెక్షనులు న్యాయస్థానమునకు వచ్చునప్పటికి చాలమారు ప్రాణములు పోయియే యుండును. అందుచేత బసలకు లైసెన్సులిచ్చు పురపాలక సంఘములును, పంచాయతులును, పర్యాటకశాఖలును ముందే మేల్కొనవలయును. పడకగదిలో రాత్రియెల్ల మంట యుండరాదనియు, హీటరు ఇచ్చు గదికి మూయవీలులేని గాలిదారి యుండవలయుననియు లైసెన్సు షరతులలోనే వ్రాయవలయును. వెచ్చదనమును అద్దెకిచ్చువాడు గాలిని కూడ ఇచ్చుటకు బాధ్యుడు.

షరతులు వచ్చువరకు మన కిటికీ మన చేతిలోనే యున్నది. పఠనమందిరమున ఈ పత్రిక చదువు ప్రతివారును ఈ రాత్రి ఇంటికి పోయి, పురిటిగదిలోని కుంపటిని, ప్రయాణమునకు సిద్ధమైన బంధువులను తలచుకొని, ఈ నాలుగు మాటలు వారికి చెప్పుదురు గాక.