ఆర్‌బీఎస్ కంప్యూటర్ వైఫల్యం (2012)

ఆర్‌బీఎస్ కంప్యూటర్ వైఫల్యం అనగా, 2012 జూన్ నెలలో బ్రిటన్‌కు చెందిన రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ (ఆర్‌బీఎస్) సంస్థలో సాఫ్ట్‌వేర్ మార్పిడి వికటించి లక్షలాది ఖాతాల లెక్కలు నిలిచిపోయిన సంఘటన. ఆ సంస్థకే చెందిన నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంకుల ఖాతాదారులు కూడా దీనివలన ఇబ్బందులకు గురయ్యారు. ఒక్క బ్రిటన్‌లోనే 65 లక్షలకు పైగా ఖాతాదారులపై దీని ప్రభావం కొన్ని వారాల పాటు ఉన్నది. కొత్త సాఫ్ట్‌వేరును అమర్చడం కంటె, పరీక్షించకుండా దానిని తొలగించడమే ఇందులో ప్రధాన నష్టాన్ని కలిగించినది.

నేపథ్యం

పూర్వం వర్తకులు పగటి లావాదేవీలను చిట్టాలో వరుసగా వ్రాసుకొని, తరువాత తీరికగా వాటిని ఆవర్జాలో ఎవరి ఖాతాకు వారికి ఎక్కించేవారు. పెద్ద బ్యాంకుల కంప్యూటర్లు కూడా ఇదే పద్ధతిని అనుసరిస్తాయి. పగలు జమ అయిన జీతాలు, చెల్లించిన వాయిదాలు, బదిలీలు మొదలైనవన్నీ రాత్రివేళ ఒక వరుసక్రమంలో ఖాతాలకు చేరుతాయి. దీనిని బ్యాచ్ ప్రాసెసింగ్ అంటారు. ఏ పని ముందు, ఏ పని తరువాత జరగాలో నిర్ణయించి నడిపించే సాఫ్ట్‌వేరును షెడ్యూలర్ అంటారు. ఒక పని ముగిసిన తరువాతనే దానిపై ఆధారపడిన మరొక పని మొదలవుతుంది. కనుక షెడ్యూలర్ తప్పటడుగు వేస్తే, దాని వెనుక ఉన్న పనులన్నీ ఆగిపోతాయి. మరునాటి లావాదేవీలు వచ్చి చేరుతూ ఉండడం వలన బకాయి నానాటికీ పెరుగుతుంది.

2008 ఆర్థిక సంక్షోభంలో బ్రిటన్ ప్రభుత్వం పెట్టుబడి పెట్టి ఆర్‌బీఎస్‌ను ఆదుకొన్నది. 2012 నాటికి ఇందులో అధిక వాటా ప్రభుత్వానిదే. అందువలన ఈ వైఫల్యం పార్లమెంటు దృష్టికి కూడా వెళ్ళినది.

సంఘటన క్రమం

2012 జూన్ 17, ఆదివారం నాడు బ్యాంకు సాంకేతిక విభాగం రాత్రివేళ ఖాతాలను సరిచేసే సాఫ్ట్‌వేరు స్థానంలో దాని కొత్త వెర్షనును అమర్చినది. అందులో కొన్ని లోపాలు కనిపించడంతో, దానిని తొలగించి పాత వెర్షనుకు మరలాలని నిర్ణయించారు. కాని ఈ తొలగింపు వలన ఏమి జరుగుతుందో ముందుగా పరీక్షించలేదు. కొత్త వెర్షనుకూ పాత వెర్షనుకూ పొసగదన్న సంగతిని సాంకేతిక విభాగం గుర్తించలేదు. ఫలితంగా జూన్ 19 నుండి బ్యాచ్ ప్రాసెసింగ్ చాలవరకు స్తంభించినది.

పాత స్థితికి మరలడం సులభమని సాధారణంగా భావిస్తారు. అయితే కొత్త వెర్షను పని చేసిన కొద్ది కాలంలోనే తనకు అనువైన రూపంలో కొంత సమాచారాన్ని వ్రాసి పెట్టవచ్చును. ఆ సమాచారాన్ని పాత వెర్షను చదవలేకపోవచ్చును. కనుక వెనుకకు మరలడం కూడా ఒక కొత్త మార్పే. దానికీ ముందస్తు పరీక్ష అవసరం.

ఖాతాదారుల ఇబ్బందులు

ఖాతాదారుల సొమ్ము పోలేదు గాని, ఎవరి ఖాతాలో ఎంత ఉన్నదో సరిగా చెప్పగల లెక్క లేకుండా పోయినది. ముఖ్యమైన ఇబ్బందులు ఇవి:

• ఏటీఎంలలో సరియైన నిల్వ కనిపించలేదు. ఇంటర్నెట్ ద్వారా ఖాతాలను వాడుకోలేకపోయారు.
• గృహరుణాల వాయిదాలు సకాలంలో చెల్లించలేకపోయారు.
• విదేశాలలో ఉన్నవారికి చేతిలో నగదు లేకుండా పోయినది.
• కొన్ని సంస్థలు తమ ఉద్యోగులకు జీతాలు ఇవ్వలేకపోయాయి.
• వడ్డీ లెక్కలు, ఖాతా వివరపత్రాలు తప్పుగా వచ్చాయి.

చివరి రెండు అంశాలను బట్టి ఒక సంగతి గమనించవచ్చును. ఈ బ్యాంకులలో ఖాతా లేనివారు కూడా, తమ యజమాని ఖాతా అక్కడ ఉండడం వలన జీతం అందక నష్టపోయారు. సమస్య తీరిన తరువాత కూడా లెక్కల తప్పులను సవరించవలసి వచ్చినది.

బ్యాంకు తన శాఖలను రాత్రి పొద్దుపోయేవరకు, ఆదివారం నాడు కూడా తెరిచి ఉంచినది. అల్‌స్టర్ బ్యాంకు సమస్య అన్నిటికంటె ఆలస్యంగా తీరినది. ఐర్లాండ్‌లో సుమారు 6 లక్షల మందికి 28 రోజుల పాటు బ్యాంకు సేవలు సరిగా అందలేదు.

హైదరాబాదుపై ఆరోపణ

ఈ పనులను తక్కువ వేతనాలకు హైదరాబాదులోని సిబ్బందికి అప్పగించడమే వైఫల్యానికి కారణమని బ్రిటన్ పత్రికలు కొన్ని అప్పట్లో వ్రాశాయి. బ్రిటన్‌లో ఉద్యోగాలు తగ్గించి, పనిని భారతదేశానికి తరలించడంపై కార్మిక సంఘాలు అంతకు ముందునుండే అభ్యంతరం చెప్తున్నాయి. దానితో ఈ ఆరోపణకు విశేష ప్రచారం లభించినది. అయితే సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి స్టీఫెన్ హెస్టర్ పార్లమెంటు ట్రెజరీ కమిటీ అధ్యక్షుడు ఆండ్రూ టైరీకి వ్రాసిన లేఖలో, పొరపాటు ఎడిన్‌బరోలోని బృందం నిర్వహించే వ్యవస్థలలో జరిగినదని తెలిపారు. ఆ సంవత్సరపు బోనస్‌ను హెస్టర్ వదులుకున్నారు. నియంత్రణ సంస్థలు సైతం తరువాత బాధ్యతను బ్యాంకుల నిర్వహణ పద్ధతులపైననే మోపాయి.

విచారణ, జరిమానాలు

2014 నవంబరులో బ్రిటన్ నియంత్రణ సంస్థలు రెండు కలిసి ఈ బ్యాంకులకు మొత్తం 5.6 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి. ఇందులో ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ విధించినది 4.2 కోట్లు, ప్రుడెన్షియల్ రెగ్యులేషన్ అథారిటీ విధించినది 1.4 కోట్లు. అదే నెలలో ఐర్లాండ్ కేంద్ర బ్యాంకు అల్‌స్టర్ బ్యాంకుకు 35 లక్షల యూరోల జరిమానా విధించినది. బ్రిటన్ ఖాతాదారులకు బ్యాంకు 7 కోట్ల పౌండ్లకు పైగా పరిహారం చెల్లించినది.

కారణాలపై భిన్నాభిప్రాయాలు

2013 డిసెంబరులో మరొక అంతరాయం ఏర్పడినపుడు, హెస్టర్ తరువాత పదవిలోకి వచ్చిన రాస్ మెక్‌యూవన్, దశాబ్దాలుగా సంస్థ తన కంప్యూటర్ వ్యవస్థలపై తగినంత ఖర్చు చేయలేదని అన్నారు. కాని 2012 వైఫల్యానికి పెట్టుబడి కొరత కారణం కాదని ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ తేల్చినది. ఈ వ్యవస్థల నిర్వహణకు సంస్థ ఏటా 100 కోట్ల పౌండ్లకు పైగా వెచ్చిస్తున్నదని పేర్కొన్నది. మార్పులను ప్రణాళికాబద్ధంగా చేయకపోవడం, వాటి వలన కలుగగల ప్రమాదాన్ని ముందుగా అంచనా వేయకపోవడం అసలు లోపాలని నిర్ణయించినది. ఆపద వచ్చిన తరువాత పని కొనసాగించడంపై చూపిన శ్రద్ధ, ఆపదను తట్టుకొనేలా వ్యవస్థను రూపొందించడంపై చూపలేదన్నది దాని విమర్శ. ఈ రెండు అభిప్రాయాలు పూర్తిగా పరస్పర విరుద్ధాలు కావు. పాతబడిన వ్యవస్థలో మార్పు చేయడం కష్టమే. అయినను, తొలగింపును ముందుగా పరీక్షించి చూడడానికి కావలసినది ధనం కంటె క్రమశిక్షణ.

తరువాతి పరిణామాలు

2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు తన 52 లక్షల ఖాతాదారుల సమాచారాన్ని కొత్త వ్యవస్థకు మార్చినపుడు ఇటువంటి ఇబ్బందులే తలెత్తాయి. దీనికి 2022 డిసెంబరులో 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా పడినది. 2022 మార్చి 31 నుండి అమలులోకి వచ్చిన బ్రిటన్ నిబంధనల ప్రకారం, ప్రతి బ్యాంకు తన ముఖ్యమైన సేవలను గుర్తించి, ఒక్కొక్కటి ఎంతవరకు అంతరాయాన్ని తట్టుకోగలదో పరిమితి నిర్ణయించుకోవాలి. ఆ పరిమితిని మించకుండా పనిచేయగల స్థితికి చేరడానికి 2025 మార్చి 31 వరకు గడువు ఇచ్చారు. ఆర్‌బీఎస్ సంస్థ పేరు 2020 జూలైలో నాట్‌వెస్ట్ గ్రూప్‌గా మారినది.