హాని, తీవ్రహాని: 15 దినముల కొలత

1860 నాటి భారత శిక్షాస్మృతి తొలగి, 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చెను. ఘనవిషయములపై జరిగిన చర్చల నడుమ నొక చిన్న అంకె మార్పు జనుల దృష్టి నంతగా నాకర్షింపలేదు. బాధితుడు 20 దినములు తీవ్రమైన దేహబాధ ననుభవించుటయో, తన నిత్యకృత్యములు చేసికొనజాలకుండుటయో పూర్వము 'తీవ్రహాని' యనిపించుకొనెడిది. ఇప్పుడు 15 దినములే చాలును.

లోకము గాయమనగానే రక్తమును వెదకును. శాసనమున కది యక్కరలేదు. 114వ సెక్షను ప్రకారము దేహబాధను గాని, వ్యాధిని గాని, దౌర్బల్యమును గాని కలిగించినచో నది హానియే. మచ్చ మిగులని చెంపదెబ్బయు, జుట్టుపట్టి యీడ్చుటయు నిందులోనికే వచ్చును. తీవ్రహాని యట్లు కాదు. 116వ సెక్షను ఎనిమిది విధములను పేర్కొని యచటనే నిలిచినది. ఎముక విరుగుట వానిలో నొకటి. అది రెండు తునకలు కానక్కరలేదనియు, బీటవారినను విరిగినట్లేయనియు సుప్రీముకోర్టు హోరీలాలు వ్యాజ్యమున తేల్చియున్నది.

ఎముక సంగతి ఎక్స్‌రే ఆనాడే చెప్పును. దినముల సంగతి దినములే చెప్పవలెను. చిక్కంతయు నిచటనే యున్నది. బుద్ధిపూర్వకముగా హాని చేసినవానికి ఒక సంవత్సరము వరకును, తీవ్రహాని చేసినవానికి ఏడు సంవత్సరముల వరకును ఖైదు గలదు. అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి గలదు. మొదటిదానిలో మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయజాలరు, రెండవదానిలో చేయగలరు. ఠాణాలో ఈ విభజన మొదటినాడే జరిగిపోవును. గాయపు సర్టిఫికెట్టుపై 'సామాన్యము' అని వ్రాసిన డాక్టరు ఆ రోగిని మరల చూచునో చూడడో!

ఆసుపత్రిలో పడకపై నున్నంతమాత్రమున చాలదనియు, పనిచేయ నశక్తుడైనట్లు ఋజువు కావలెననియు న్యాయస్థానములు చెప్పుచు వచ్చినవి. అది యుక్తమే. కాని దినకూలి సంగతి యేమి? అతడు ఐదవనాడే కట్టుతో పనిలోనికి పోవును. పోనిచో పొయ్యి వెలుగదు. అదే దెబ్బ తిన్న గుమాస్తా జీతముతో సెలవు పుచ్చుకొని యింట నుండును. ఒకే దెబ్బ, రెండు నేరములు! కూలివాడు తీవ్రబాధతోనే పనిచేసెనని వాదింపవచ్చును. రెంటిలో నేదియైనను చాలునని శాసనమే చెప్పుచున్నది. అయితే ఆ బాధకు సాక్ష్యమేది? ఐదవనాటి హాజరుపట్టీ మాత్రము ముద్దాయి వకీలు చేతిలో నుండును.

దీనికి క్రొత్త శాసన మక్కరలేదు. ఎక్స్‌రే వచ్చువరకు అభిప్రాయమును నిలిపియుంచుట డాక్టర్లకు వాడుకయే. అట్లే 15 దినములు గడచినపిమ్మట రోగిని మరల పరీక్షించి తుదిమాట వ్రాయవచ్చును. ఎట్లును డాక్టరు వ్రాసినది అభిప్రాయమే గాని తీర్పు కాదు. ఫిర్యాదుదారు తరపు వకీళ్లు రెండవ పరీక్షను మొదటి వారముననే వ్రాతమూలముగా కోరుట మేలు. ఆరు మాసములు గడచి విచారణ ప్రారంభమైన తరువాత కోరినచో, మానిన గాయమును చూచి నాటి బాధను ఏ డాక్టరును చెప్పజాలడు.