పులి వేషం... గంగవాయిలి భోజనం!

జిల్లేడుతో ఊళ్లో అందరికీ అవసరమే, అందరికీ భయమే. రథసప్తమి నాడు ఆకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తారు. ఆంజనేయుడికి పూలదండ వేస్తారు. అంతవరకే! పాలు కంట్లో పడితే చూపుకే ముప్పని పిల్లల్ని దగ్గరికి పోనివ్వరు. పశువులూ పచ్చి ఆకు జోలికి పెద్దగా పోవు. అలాంటి చెట్టు మీదే ఓ పురుగు దర్జాగా కాపురం పెడుతుంది. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లే దారి పక్కన, వానాకాలం చివర్లో జిల్లేడు ఆకుల్ని కాస్త తిప్పి చూడండి. నలుపు, పసుపు, తెలుపు పట్టీలు... వీపు మీద మూడు జతల నల్లటి పోగులు. దూరం నుంచే కనిపించేంత ఆడంబరం. 'నన్ను చూడండి' అని చాటుకోవడమే ఆ గొంగళిపురుగు ఎత్తుగడ!

జిల్లేడు పాలలో కార్డినోలైడ్లనే రసాయనాలుంటాయి. గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీసే రకం. ఈ పురుగు వాటిని తట్టుకోవడమే కాదు, ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చి ఎగిరినా ఆ విషం వెంటే ఉంటుంది. ఆ సీతాకోకచిలుకే ప్లెయిన్ టైగర్. నారింజ రంగు రెక్కలు, నల్ల అంచు, ముందు రెక్కల కొసల్లో తెల్ల మచ్చలు. నింపాదిగా ఎగురుతుంది. తొందరెందుకు మరి! వీటిలో మగవి పచ్చిరొట్ట కోసం వేసే జనుము జాతి మొక్కల దగ్గరా చేరతాయి. వాటిలోని చేదు రసాయనాలు పీల్చుకుని, ఆడవాటిని ఆకట్టుకునే పరిమళం తయారు చేసుకుంటాయి.

చేదు తింటే పిట్ట నిజంగా నేర్చుకుంటుందా? అమెరికాలో లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త 1960ల్లో దీన్ని తేల్చాడు. మన టైగర్‌కు దగ్గరి చుట్టం మోనార్క్. దాన్ని ఓ బ్లూ జే పిట్టకు తినిపిస్తే కాసేపటికే కక్కేసింది. ఆ తర్వాత ఆ రంగు చూస్తేనే మొహం తిప్పుకుంది. టైగర్ల ఒళ్లు కూడా తోలులా సాగుతుంది. పిట్ట ఒకసారి పొడిచి వదిలేసినా చాలాసార్లు బతికి బయటపడతాయి.

ఇక్కడే అసలు నాటకం మొదలవుతుంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై అని మరో సీతాకోకచిలుక ఉంది. దీని పురుగులకు ఇష్టమైన తిండి ఏమిటో తెలుసా... గంగవాయిలి! మనం పప్పులో వేసుకునే కూరే. అందులో పిట్టను బెదిరించే విషమేముంటుంది? అందుకే దీని ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ రంగులే వేసుకుంది. మగదానికి ఆ బాధ లేదు. నల్లటి రెక్కల మీద నీలి మెరుపు చుట్టిన తెల్ల మచ్చలతో తన మానాన తాను తిరుగుతుంది. గుడ్ల బరువుతో ఎగిరే ఆడదానికే రక్షణ ఎక్కువ కావాలన్నది శాస్త్రవేత్తలు చెప్పే ఒక కారణం. నకిలీని పట్టుకోవాలంటే వెనక రెక్కలు చూడాలి. అసలు టైగర్‌కు మధ్యలో మూడో నాలుగో నల్ల చుక్కలుంటాయి. వేషగత్తెకు ముందంచు మీద ఒకటే!

ఈ గుట్టును మొదట విప్పింది హెన్రీ వాల్టర్ బేట్స్. 1848 నుంచి 1859 దాకా అమెజాన్ అడవుల్లో తిరిగిన ఆంగ్లేయుడు. 1862లో అచ్చయిన ఆయన వ్యాసంతోనే దీనికి 'బేట్సియన్ అనుకరణ' అన్న పేరొచ్చింది. ఇందులో ఓ లెక్కుంది. అసలువి ఎక్కువగా, నకిలీలు తక్కువగా ఉండాలి. నకిలీలే ఎక్కువైతే పిట్టకు మొదట రుచికరమైనదే తగులుతుంది. ఇక భయం ఎక్కడిది?

అంత దూరం ఎందుకు, పెరట్లో కల్యామాకు చెట్టు చూడండి. దాని మీద పిట్ట రెట్టలా ముద్దగా కనిపించే పురుగులు కామన్ మార్మన్‌వి కావచ్చు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన కొడతాయి. వీటి ఆడ సీతాకోకచిలుకలకు ఏకంగా మూడు రూపాలు. ఒకటి మగదానిలా, రెండోది కామన్ రోజ్‌లా, మూడోది క్రిమ్సన్ రోజ్‌లా ఉంటుంది. ఇన్ని వేషాలకూ మూలం 'డబుల్‌సెక్స్' అనే ఒకే జన్యువని 2014లో కృష్ణమేఘ్ కుంటే, మార్కస్ క్రోన్‌ఫోర్స్ట్ బృందం నేచర్ పత్రికలో ప్రకటించింది.

ఈ రోజ్‌ల విషం ఎక్కడిదంటే గాడిదగడప జాతి మొక్కలది. నల్లరేగడి గట్ల మీద పాకే గాడిదగడపను నాటువైద్యంలో కడుపులో పురుగులకు వాడిన రోజులున్నాయి. ఈ జాతిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుందనీ, క్యాన్సర్ తెస్తుందనీ తేలింది. పిల్లలకు దాని రసం పట్టించనే కూడదు. అలాగని గట్లన్నిటి మీదా కలుపు మందు కొట్టేస్తే రోజ్‌ల పురుగులకు తిండి ఉండదు. వాటిని నమ్ముకున్న మార్మన్ల పని కూడా అంతే. క్రిమ్సన్ రోజ్ తిరగని ప్రాంతాల్లో ఆ వేషం వేసిన మార్మన్లు కనిపించడమూ అరుదే మరి!